చుక్కా చుక్కా కలిస్తేనే

అక్కలారా, ఈ పాఠం ఆయిలు ఇంజను గురించి. "ఇంజను సంగతి మాకెందుకు? అది మగవాళ్ళ పని కదా" అంటారేమో. ముందు ఈ కథ చదవండి. తరువాత చెప్పండి.

చేను పొట్ట మీద ఉంది

కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూములున్న ఊరు అది. కాలువ నీరు ఒక్కోసారి చివరిదాకా రాదు. అప్పుడు మురుగు కాలువలోని నీటిని తోడి చేనుకు పెట్టుకోవాలి. ఆ పొలాల దగ్గరికి కరెంటు లైను లేదు. ఆయిలు ఇంజనే దిక్కు.

ఆ ఊరి పొదుపు సంఘంలో పదిమంది ఆడవాళ్ళున్నారు. అందరూ కలిసి రెండెకరాలు కౌలుకు తీసుకున్నారు. వరి వేశారు. పాత ఇంజను ఒకటి కొన్నారు. ఒకే సిలిండరు ఉన్న ఇంజను అది.

చేను పొట్ట మీద ఉన్నప్పుడు ఇంజను మొరాయించింది. ఆ సమయంలో నీరు లేకపోతే ఏమవుతుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. గింజ నిండదు. తాలు మిగులుతుంది.

మేస్త్రి వచ్చి ఇంజను విప్పి చూశాడు. "కామ్ అరిగిపోయిందమ్మా. కొత్తది వెయ్యాలి" అన్నాడు. సంఘం డబ్బు తీసి కొత్త కామ్ షాఫ్టు తెప్పించారు. మేస్త్రి సాయంత్రం పని మొదలుపెట్టాడు. బిగించేసరికి చీకటి పడింది. టార్చిలైటు వెలుతురులో మూత వేసి వెళ్ళిపోయాడు.

తెల్లవారి హ్యాండిలు వేసి తిప్పారు. ఇంజను అందుకోలేదు. తెల్లటి పొగ కక్కింది. మళ్ళీ మళ్ళీ తిప్పగా ఎప్పటికో అందుకుంది. కానీ దానికి బలం లేదు. పైపులో నీళ్ళు సన్నటి ధారగా వచ్చాయి.

మేస్త్రిని మళ్ళీ పిలిచారు. అతను చెవి ఒగ్గి విన్నాడు. "డీజిలు పంపు కూడా పోయినట్టుందమ్మా. అదీ కొత్తది వెయ్యాలి" అన్నాడు.

సంఘం లెక్కలు రాసే అక్క గుండె గుభేలుమంది. పుస్తకంలో ఎంత మిగిలిందో ఆమెకు తెలుసు. పంపు కొంటే ఎరువుకు డబ్బు ఉండదు. కొనకపోతే చేనే ఉండదు.

ఆమె చేతిలో కొత్త కామ్ వచ్చిన అట్టపెట్టె ఉంది. లోపల ఒక కాగితం ఉంది. దాని మీద రాతంతా ఇంగ్లీషు. కానీ కింద ఒక బొమ్మ ఉంది. రెండు పళ్ళ చక్రాలు. చిన్న చక్రం మీద ఒక చుక్క. పెద్ద చక్రం మీద రెండు చుక్కలు. ఆ ఒక్క చుక్క వచ్చి ఈ రెండు చుక్కల నడుమ నిలిచింది.

"అన్నా, ఈ చుక్కలేంటి?" అని అడిగింది.

మేస్త్రి ఏం చెప్పాడో తరువాత చూద్దాం. ముందు ఆ చుక్కల సంగతి మనం తెలుసుకుందాం.

ఇంజను ఊపిరి

మనం గాలి పీలుస్తాం. వదులుతాం. ఇంజను కూడా అంతే.

సిలిండరు ఒక ఇనుప గొట్టం. దానిలో పిస్టను పైకీ కిందికీ కదులుతుంది. పిస్టనుకు ఒక కడ్డీ తగిలించి ఉంటుంది. ఆ కడ్డీ కింద క్రాంకు ఉంటుంది. కుట్టుమిషను గుర్తు చేసుకోండి. మన పాదం పైకీ కిందికీ ఆడుతుంది. చక్రం గుండ్రంగా తిరుగుతుంది. ఇక్కడా అదే పని. పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. క్రాంకు గుండ్రంగా తిరుగుతుంది. క్రాంకుకే పెద్ద బరువు చక్రం ఉంటుంది. దాన్ని ఫ్లైవీలు అంటారు.

ఇంజను నాలుగు పనులు చేస్తుంది. ఒకదాని తరువాత ఒకటి చేస్తుంది.

1. పీల్చడం. పిస్టను కిందికి దిగుతుంది. గాలి లోపలికి వస్తుంది.

2. నొక్కడం. పిస్టను పైకి లేస్తుంది. గాలి చిన్న సందులోకి నొక్కుకుపోతుంది. 16 చెంబుల గాలిని ఒక్క చెంబులో కుక్కినట్టు అవుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు పట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటుంది. ఇంజనులో ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. నీళ్ళు మరగడానికి 100 డిగ్రీలు చాలు.

3. మండటం. ఆ వేడి గాలిలోకి డీజిలు తుంపరగా పడుతుంది. పడగానే అంటుకుంటుంది. దీనికి అగ్గిపుల్ల అక్కర్లేదు. మంట పిస్టనును కిందికి తోస్తుంది. నీళ్ళు తోడే బలం ఇదే.

4. వదలడం. పిస్టను మళ్ళీ పైకి లేస్తుంది. పొగను బయటికి నెడుతుంది.

నాలుగు పనులు పూర్తయ్యేసరికి పిస్టను రెండుసార్లు దిగింది. రెండుసార్లు లేచింది. అంటే క్రాంకు రెండు చుట్లు తిరిగింది. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

రెండు తలుపులు

సిలిండరు పైన రెండు తలుపులుంటాయి. వాటినే వాలువులు అంటారు. ఒకటి గాలి వచ్చే తలుపు. రెండోది పొగ పోయే తలుపు.

పీల్చేటప్పుడు గాలి తలుపు తెరుచుకోవాలి. వదిలేటప్పుడు పొగ తలుపు తెరుచుకోవాలి. నొక్కేటప్పుడు రెండూ మూసి ఉండాలి. మూతలేని కుండలో ఆవిరి నిలవదు కదా. తలుపు తెరిచి ఉంటే గాలి నొక్కుడు పడదు. నొక్కుడు లేకపోతే వేడి లేదు. వేడి లేకపోతే మంట లేదు.

మరి ఈ తలుపులను తెరిచేది ఎవరు? కామ్ షాఫ్టు. అది ఒక ఇనుప కడ్డీ. దాని మీద కోడిగుడ్డు లాంటి దిమ్మెలుంటాయి. ఒక్కో దిమ్మె ఒక్కో కామ్. గుడ్డుకు ఒక వైపు మొన ఉంటుంది. కడ్డీ తిరిగి మొన పైకి వచ్చినప్పుడు దాని మీదున్న టాపెట్టు లేస్తుంది. టాపెట్టు పుష్ రాడ్డును లేపుతుంది. పుష్ రాడ్డు రాకరును నెడుతుంది. రాకరు ఏతం లాంటిది. ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది. దిగిన కొస వాలువును నొక్కి తెరుస్తుంది. మొన దాటిపోగానే స్ప్రింగు వాలువును మూసేస్తుంది.

గాలి తలుపుకు ఒక దిమ్మె. పొగ తలుపుకు ఒక దిమ్మె. ఈ అక్కల ఇంజనులో ఇంకో దిమ్మె కూడా ఉంది. అది డీజిలు పంపును నొక్కుతుంది. అంటే ఊపిరికీ మంటకూ వేళ చెప్పేది ఆ ఒక్క కడ్డీయే.

క్రాంకు రెండు చుట్లు తిరిగేలోగా ఒక్కో తలుపు ఒక్కసారే తెరుచుకోవాలి. అంటే కామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరగాలి. అందుకే క్రాంకు మీద చిన్న పళ్ళ చక్రం పెట్టారు. కామ్ మీద దానికి రెట్టింపు పళ్ళున్న చక్రం పెట్టారు. చెరకు రసం మిషనులో చక్రాల పళ్ళు ఒకదానిలో ఒకటి పడి తిరుగుతాయి. ఇవీ అంతే.

ఒకే రోలు, రెండు రోకళ్ళు

ఒకే రోట్లో ఇద్దరం కలిసి దంచుతాం. ఒక రోకలి లేస్తుంటే ఇంకో రోకలి దిగుతుంది. ఇద్దరిలో ఎవరికీ బలం తక్కువ కాదు. కానీ వరస తప్పితే ఏమవుతుంది? రోకలీ రోకలీ కొట్టుకుంటాయి. చేతులు జిల్లుమంటాయి. పిండి బయట పడుతుంది.

ఇంజనులో పిస్టను ఒక రోకలి. వాలువు ఇంకో రోకలి. వాటి వరసనే టైమింగు అంటారు. కొత్త కామ్ ఎంత మంచిదైనా వరస తప్పి బిగిస్తే పని చెయ్యదు. బాగా తప్పితే తెరిచి ఉన్న వాలువుకు పిస్టను తగులుతుంది. వాలువు వంగుతుంది. పుష్ రాడ్డు వంగుతుంది. అప్పుడు ఖర్చు ఇంకా పెరుగుతుంది.

ఈ వరస తప్పకుండా ఉండటానికే చక్రాల మీద చుక్కలు పెడతారు. చిన్న చక్రంలో ఒక పన్ను మీద చుక్క ఉంటుంది. పెద్ద చక్రంలో పక్కపక్కన ఉన్న రెండు పళ్ళ మీద చుక్కలుంటాయి. ఆ ఒక్క పన్ను ఈ రెండు పళ్ళ నడుమ పడాలి. కొన్ని ఇంజన్లలో చుక్కకు బదులు గీత ఉంటుంది. కొన్నిటిలో అక్షరం ఉంటుంది. గుర్తు ఏదైనా అర్థం ఒకటే.

లెక్క చేద్దాం

ఒక్క పన్ను తప్పితే ఏమంత నష్టం? చూద్దాం.

గుండ్రంగా ఒక చుట్టు తిరిగితే 360 డిగ్రీలు. చిన్న చక్రానికి 30 పళ్ళు ఉన్నాయనుకుందాం.

360ని 30తో భాగిస్తే 12.

అంటే ఒక్క పన్ను తప్పితే క్రాంకు లెక్కలో 12 డిగ్రీలు తప్పినట్టు.

పిస్టను అడుగుకు చేరి మళ్ళీ లేస్తున్నప్పుడు గాలి తలుపు మూసుకుంటుంది. ఒక ఇంజనులో అది అడుగు దాటిన 35 డిగ్రీలకు మూసుకోవాలి అనుకుందాం. కామ్ ఒక పన్ను వెనకబడింది. ఇప్పుడు ఎప్పుడు మూసుకుంటుంది?

35కు 12 కలిపితే 47.

అంతసేపు తలుపు తెరిచి ఉంటే, పీల్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది. నొక్కుడు తగ్గుతుంది. డీజిలు కూడా 12 డిగ్రీలు ఆలస్యంగా పడుతుంది. సరిగ్గా మండదు. మండని డీజిలు తెల్లటి పొగగా పోతుంది. ఇంజను అందుకోదు. అందుకున్నా బలం ఉండదు.

మన కథలో ఇంజను చేసింది కూడా ఇదే కదా!

మేస్త్రి మూత విప్పాడు

ఇప్పుడు మళ్ళీ ఊళ్ళోకి వెళదాం.

"అన్నా, ఈ చుక్కలేంటి?" అని లెక్కలు రాసే అక్క అడిగింది. మేస్త్రి ముందు నవ్వాడు. "అవి మా పని గుర్తులమ్మా" అన్నాడు.

"రాత్రి అవి కలిశాయా అన్నా?" అంది ఆమె.

మేస్త్రి మాట్లాడలేదు. కాగితం చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు చూశాడు. "చీకట్లో పెట్టాను. పళ్ళకు జిడ్డు ఉంది. తుడవలేదు. ఒకసారి విప్పి చూద్దాం అక్కా. పంపు సంగతి తరువాత" అన్నాడు.

డీజిలు ట్యాపు కట్టాడు. ఆయిలు పళ్ళెంలోకి దించాడు. పక్క మూత విప్పాడు. చక్రాలను కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పాడు. చిన్న చక్రం చుక్క పైకి వచ్చింది.

"పెద్ద చక్రం మీద చుక్కలే లేవు కదరా!" అంది పెద్దమ్మ. అందరిలోకీ పెద్దది ఆమె.

"ఉన్నాయి పెద్దమ్మా. అవతలి వైపు ఉన్నాయి. ఇంకో చుట్టు తిప్పాలి. పెద్దది ఒక చుట్టు తిరిగేలోగా చిన్నది రెండు చుట్లు తిరుగుతుంది" అన్నాడు మేస్త్రి.

ఇంకో చుట్టు తిప్పాడు. ఈసారి రెండు చుక్కలూ వచ్చాయి. అందరూ వంగి చూశారు. చిన్న చక్రం చుక్క రెంటి నడుమ లేదు. ఒక పన్ను పక్కన ఉంది.

ఎవరూ ఏమీ అనలేదు. మేస్త్రే అన్నాడు: "నాదే పొరపాటు. దీనికి కూలి తీసుకోను."

తరువాత అతను చేసిన పని ఇది.

1. రాకర్లు వదులు చేసి పుష్ రాడ్లు తీశాడు. ఏది ఏ వాలువుదో వేరుగా పెట్టాడు.

2. టాపెట్లు పైకి ఎత్తి పట్టాడు. డీజిలు పంపును కూడా వదులు చేశాడు. అప్పుడు కామ్ షాఫ్టుకు ఏదీ అడ్డు లేదు.

3. టాపెట్ల అడుగు చూశాడు. నున్నగా ఉన్నాయి. గుంటలు పడి ఉంటే అవి కూడా మార్చాలి. లేకపోతే కొత్త కామ్ త్వరగా అరుగుతుంది.

4. పిస్టను పై కొసకు వచ్చేలా ఫ్లైవీలు తిప్పాడు. ఫ్లైవీలు మీద గీత ఉంటుంది. అది ఇంజను మీది గుర్తుకు ఎదురుగా రావాలి. మేస్త్రులు దీన్ని టీ.డీ.సీ. అంటారు.

5. కామ్ షాఫ్టును బయటికి లాగాడు. దిమ్మెలకు శుభ్రమైన ఆయిలు రాశాడు. చుక్కలు కలిసేలా తిప్పి మళ్ళీ లోపలికి తోశాడు. "చూడండమ్మా" అని అందరినీ పిలిచాడు. ఒక చుక్క రెండు చుక్కల నడుమ కూర్చుంది.

6. పుష్ రాడ్లు పెట్టాడు. చేత్తో రెండు చుట్లు తిప్పాడు. ఎక్కడా తట్టుకోలేదు. చుక్కలు మళ్ళీ కలిశాయి.

7. రెండు వాలువులూ మూసి ఉన్నప్పుడు, రాకరుకూ వాలువుకూ మధ్య సందు సరిచేశాడు. దీనికి పల్చటి రేకుల గేజి ఉంటుంది. సందు ఎంతో ఇంజను పుస్తకంలో రాసి ఉంటుంది. వేడికి ఇనుము సాగుతుంది. సందు లేకపోతే తలుపు పూర్తిగా మూసుకోదు. అందుకే సందు ఉంచాలి.

మూత వేశాడు. కొత్త ఆయిలు పోశాడు. ట్యాపు విప్పాడు. హ్యాండిలు వేసి తిప్పాడు. ఇంజను అందుకుంది. పైపు నిండా నీళ్ళు దూకాయి. పెద్దమ్మ నీళ్ళ వెంట గట్టు మీద నడుస్తూ చేను దాకా వెళ్ళింది.

పంపు బాగానే ఉంది. దానికి డబ్బు ఖర్చు కాలేదు.

మూత విప్పకుండా ఎలా చూడాలి?

చుక్కలు మూత లోపల ఉంటాయి. బిగించాక కనబడవు. అయినా టైమింగు సరిగా ఉందో లేదో చూసే దారి ఒకటి ఉంది.

పైన రాకర్ల మూత మాత్రం తీయండి. ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పండి. టీ.డీ.సీ. గీత గుర్తుకు ఎదురుగా వచ్చినప్పుడు ఆపండి. రాకర్లను వేళ్ళతో కదిపి చూడండి. రెండూ కొంచెం కదిలితే రెండు తలుపులూ మూసి ఉన్నాయన్నమాట. అది నొక్కుడు చివర.

ఇంకో చుట్టు తిప్పండి. మళ్ళీ గీత దగ్గరికి వస్తుండగా చూడండి. పొగ తలుపు మూసుకోబోతూ ఉండాలి. గాలి తలుపు అప్పుడే తెరుచుకుంటూ ఉండాలి. ఒకటి దిగుతుంటే ఒకటి లేస్తుంది. రోకళ్ళు దంచినట్టే. ఈ మార్పు గీతకు బాగా ముందో, బాగా వెనకో జరిగితే మేస్త్రిని అడగండి.

జాగ్రత్తలు

ఫ్లైవీలు దగ్గరికి వెళ్ళే ముందు కొంగు నడుముకు బిగించండి. జడ ముడి వేసుకోండి. తిరిగే చక్రం కొంగును లాగితే మనిషిని కూడా లాగుతుంది.

చూసే ముందు డీజిలు ట్యాపు కట్టండి.

తేలిగ్గా తిప్పడానికి ఒక లివరు ఎత్తుతారు. అది ఎత్తి ఉంటే ఒక వాలువు తెరిచే ఉంటుంది. వాలువులను చూసేటప్పుడు ఆ లివరు దించాలి.

హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలును మిగతా వేళ్ళ వైపే ఉంచండి. హ్యాండిలు వెనక్కి తన్నితే వేలు విరగకుండా ఉంటుంది.

విప్పి బిగించే పని మేస్త్రిదే. బిగించే ముందు "చుక్కలు చూపించన్నా" అని అడగడం మాత్రం మన పని.

పాత సామాను పారేయవద్దు. కొత్త చక్రం మీద గుర్తు లేకపోతే పాత కామ్‌ను పక్కన పెట్టి దిమ్మెలను సరిచూసి గుర్తు పెట్టుకోవచ్చు.

ఆయిలు మురికి పట్టినా, తగ్గినా కామ్ త్వరగా అరుగుతుంది. ఆయిలు మార్చిన తేదీ పుస్తకంలో రాసుకోండి. ఆ సంఘం అక్క ఇప్పుడు అలాగే రాస్తోంది. చుక్కల బొమ్మ కాగితాన్ని కూడా అదే పుస్తకంలో అంటించింది.

మీకు తెలుసా?

డీజిలు అనేది ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిలు జర్మనీ దేశపు ఇంజనీరు. నొక్కిన గాలి వేడితోనే మండే ఇంజనును ఆయన తయారు చేశాడు. 1897లో అది బాగా పని చేసింది. ఆయన పేరే ఇంజనుకూ, దానిలో పోసే నూనెకూ వచ్చింది.

కొత్త మాటలు

వాలువు: గాలికీ పొగకూ ఉన్న తలుపు.
కామ్: తలుపును తెరిపించే గుడ్డు ఆకారపు దిమ్మె.
టైమింగు: ఏది ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పే వరస.
టీ.డీ.సీ.: పిస్టను పై కొసన ఉండే చోటు.

జవాబులు చెప్పండి

1. క్రాంకు 10 చుట్లు తిరిగితే కామ్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుంది?

2. ఒక ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. గాలి తలుపు నిమిషానికి ఎన్నిసార్లు తెరుచుకుంటుంది? గంటకు ఎన్నిసార్లు?

3. చిన్న చక్రానికి 24 పళ్ళుంటే ఒక పన్ను తప్పితే ఎన్ని డిగ్రీలు తప్పినట్టు?

4. పెద్దమ్మకు మొదటి చుట్టులో పెద్ద చక్రం చుక్కలు ఎందుకు కనబడలేదు?

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో ఏదైనా మిషను బాగు చేయించినప్పుడు మీరు పక్కన ఉండి చూశారా? ఏం అడిగారు? ఏం అడగాలనుకుని ఊరుకున్నారు? కేంద్రంలో అందరూ చెప్పుకోండి. ఊరుకున్న ప్రశ్నలను పలక మీద రాయండి.